పొలం మూల వదిలిన పంట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి తీర్మానాలు చేసుకుంటాం. భోజనాలకు ముందు ఎవరో ఒకరు ఒక అరగంటసేపు జీవితానికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పడం మన సంఘం ఆనవాయితీ. గీత గురించి విన్నాం. వేమన గురించి విన్నాం. ఖురాను గురించి, బైబిలు గురించి మన మిత్రులే చక్కగా చెప్పారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు "యూదుల ధర్మచింతన గురించి చెబుతాను" అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "కర్నూలు, కడప జిల్లాల వాళ్ళకూ యూదులకూ సంబంధం ఏముంది సార్?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

మొదటి సంబంధం మన నేలలోనే ఉంది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చుట్టుపక్కల పొలాల్లో జనం వంగి నడుస్తూ వజ్రాలు వెతుక్కోవడం మీరందరూ చూసినదే. రామళ్ళకోట గనులు, కడప దగ్గర పెన్న ఒడ్డున చెన్నూరు గనులు ఒకప్పుడు పేరుపడినవి. ఇక్కడి రాళ్ళను సముద్రాలు దాటించిన వర్తకులలో యూదులు ముఖ్యులు. పదిహేడో శతాబ్దంలో వాళ్ళు మద్రాసు కోట దగ్గర కాపురముండి, ఇటలీలోని లివోర్నో రేవునుంచి పగడాలు తెప్పించి, వాటికి బదులు మన వజ్రాలు పంపేవారు. జాక్వెస్ డి పైవా అనే యూదు వర్తకుడు 1687లో మద్రాసులోనే కన్నుమూశాడు. మరుసటి ఏడు మద్రాసు కార్పొరేషను ఏర్పడినప్పుడు దాని ఆల్డర్‌మన్లలో యూదు వర్తకులు కూడా ఉన్నారు. మన అవ్వల మెడల్లోని పగడాల దండలలో కొన్నయినా ఆ దారినే వచ్చి ఉంటాయి.

రెండో సంబంధం కడపలో ఉంది. వేమన పద్యాలను సేకరించి అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చారు. తెలుగు నేర్చుకోవడానికి చాలాకాలం ముందే, చిన్నతనంలో తండ్రి దగ్గర ఆయన హీబ్రూ నేర్చుకున్నారు. హీబ్రూ అంటే యూదుల వేదభాష. దానికి కళ్ళు అలవాటుపడిన మనిషే మన తాటాకుల మీదికి వచ్చాడన్నమాట.

మూడో సంబంధం గుంటూరు జిల్లాలో ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. కొన్ని పదుల కుటుంబాలు. తమను 'బెనె ఎఫ్రాయిం' అని, అంటే ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటారు. మాదిగ కులంలో పుట్టి, క్రైస్తవులుగా ఉండి, 1980ల చివరినుంచి బాహాటంగా యూదు ఆచారాలు పాటించడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో చిన్న ప్రార్థనామందిరం కట్టుకున్నారు. శనివారం పని మానతారు, హీబ్రూ నేర్చుకుంటారు. వాళ్ళ వంశమూలానికి చారిత్రక రుజువు ఉందా అన్న ప్రశ్న వేరు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళమీద 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. నాకు తోచిందేమిటంటే, ఊరు తనకిచ్చిన చోటును ఒప్పుకోని మనుషులు, తాము ఎవరో తామే చెప్పుకోవాలనుకున్నారు. అదీ ఒక ధర్మప్రశ్నే. ఎవరి గౌరవం ఎవరి చేతుల్లో ఉండాలి అన్నది మన ఊళ్ళలో ఇంకా తేలని లెక్క.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను పండితుణ్ణి కాను. ఉద్యోగం చేసినంతకాలం ఫైళ్ళు తప్ప మరొకటి చదవనివాణ్ణి. రిటైరయిన తరువాత లైబ్రరీకి వెళ్ళి చదువుకున్నదానిలో నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

యూదుల ధర్మంలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఏమంటే, అది మనిషిని "నువ్వు ఏం నమ్ముతావు?" అని అడగడానికి ముందు "ఏం చేశావు?" అని అడుగుతుంది. మోషే ధర్మశాస్త్రంలో భక్తితోపాటు తూనికరాళ్ళ ప్రస్తావన ఉంది. కూలివాడి కూలి రాత్రి దాటనీయకుండా ఇవ్వాలని ఉంది. పొలం కోసేటప్పుడు మూలలదాకా కోయకూడదని, రాలిన కంకులు ఏరుకోకూడదని, అవి బీదవాళ్ళకూ పరదేశులకూ చెందుతాయని ఉంది.

పల్లెలో పుట్టిన మనకు ఇది కొత్తగా అనిపించదు. దీన్నే మనం పరిగె అంటాం. జొన్న కోసిన చేలో పరిగె ఏరుకునే ఆడవాళ్ళు, బుడ్డలు పెరికిన చేలో మిగిలిన కాయలకోసం మట్టి తవ్వుకునే పిల్లలు మనకు తెలుసు. అయితే ఒక తేడా గమనించండి. మన దగ్గర పరిగె రైతు దయమీద ఆధారపడి ఉండేది. మంచివాడు రానిచ్చేవాడు, చెడ్డవాడు తరిమేవాడు. యూదుల శాస్త్రం ప్రకారం పొలం మూలనున్న ఆ పంట రైతుది కానే కాదు. అది బీదవాడి సొత్తు. బీదవాడు దానికి చేతులెత్తి దండం పెట్టవలసిన పని లేదు.

దానానికి హీబ్రూలో వాళ్ళు వాడే మాట 'త్సెదాకా'. ఆ మాట న్యాయం అనే అర్థమున్న ధాతువునుంచి పుట్టింది. ఇవ్వడమంటే జాలిపడటం కాదు, బాకీ తీర్చడం. ఈ మాట చదవగానే నాకు మన పండుగ గుర్తుకొచ్చింది. ఈ డిసెంబరు 17 ఎలా వచ్చింది? 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను యజమాని దయతో పడేసే బిచ్చం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు వచ్చేదాకా మన పెద్దలు ఎంతమంది ట్రెజరీ గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారో జ్ఞాపకం చేసుకోండి. మూడువేల ఏళ్ళనాటి పొలం మూలకూ మన పెన్షను పుస్తకానికీ సూత్రం ఒక్కటే.

ఈ దానధర్మాన్ని క్రమంగా మెట్లుకట్టి చెప్పినవాడు మైమోనిడీస్. 1138 నుంచి 1204 వరకు జీవించిన మహాపండితుడు, ఈజిప్టులో రాజవైద్యుడు. ఈయనకూ మన సముద్రానికీ ఒక విషాద సంబంధం ఉంది. ఆయన తమ్ముడు దావీదు రత్నాల వర్తకుడు. ఇల్లంతా ఆ తమ్ముడి సంపాదన మీదనే నడిచేది. ఇండియాతో వ్యాపారానికి బయలుదేరి హిందూమహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. మైమోనిడీస్ దాదాపు ఏడాదిపాటు మంచం పట్టాడు. లేచిన తరువాత ఇల్లు గడవడంకోసం వైద్యవృత్తి చేపట్టాడు. పగలంతా రోగులు, రాత్రి రచన. దుఃఖంనుంచి తేరుకోవడానికి ఆయనకు దొరికిన దారి ఇతరులకు పనికిరావడమే.

ఆయన దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికంటె కింది మెట్టు ముఖం ముడుచుకుని ఇవ్వడం. ఆ పైన నవ్వుముఖంతో, కాని ఇవ్వవలసినదానికంటె తక్కువ ఇవ్వడం. తరువాత అడిగితే ఇవ్వడం, అడగకముందే ఇవ్వడం. ఇంకా పైన, ఎవరికిస్తున్నామో మనకు తెలియకుండా, ఎవరిచ్చారో వాళ్ళకు తెలియకుండా ఇవ్వడం. అన్నిటికంటె పై మెట్టు ఏమిటంటే, ఆ మనిషికి అప్పో, పనో, వ్యాపారంలో భాగమో ఇచ్చి, మళ్ళీ చెయ్యి చాచే అవసరం లేకుండా నిలబెట్టడం.

మన సీమలో దాతలకు కొదువ లేదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన కథ ఇప్పటికీ జనం పాడుకుంటున్నారు. ఆకలితో ఉన్నవాడికి మొదట అన్నమే పెట్టాలి, మెట్లు తరువాత. కాని 1876-78 నాటి ధాత కరువునుంచి ఇప్పటిదాకా మన కరువుల చరిత్ర చూస్తే, గంజి పోసిన చేతులు చాలా ఉన్నాయి, పై మెట్టు ఎక్కినవి తక్కువ. ఒక చెరువు పూడిక తీయించినవాడు, ఒక పిల్లవాడికి ఐ.టి.ఐ. ఫీజు కట్టినవాడు ఆ పై మెట్టు మీద ఉన్నట్టు.

కరువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను. యూదుల దేశమూ వానకోసం ఆకాశంకేసి చూసే దేశమే. వాన రాకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి వాళ్ళ తాల్ముదులో ఒక ప్రత్యేక భాగమే ఉంది. మొదట పెద్దలు ఉపవాసముంటారు. అప్పటికీ రాకపోతే ఊరంతా ఉపవాసం. ధర్మగ్రంథపు పెట్టెను ఊరి నడుమ వీధిలోకి తెచ్చి దానిపై బూడిద చల్లుతారు. మనం వానలకోసం విరాటపర్వం చదివించడం, కప్పలకు పెళ్ళి చెయ్యడం లాంటిదే అనుకోండి. కాని ఆ రోజు ఊరి పెద్ద లేచి ఒక మాట చెప్పాలి. మన ఉపవాసాన్ని చూసి కాదు, మన నడవడి మారిందా లేదా అన్నది చూసి దేవుడు కరుణిస్తాడని. కరువు రోజున వడ్డీ తగ్గించని షావుకారు వరుణజపానికి చందా ఇచ్చి ప్రయోజనం లేదని మన భాషలో దానికి అర్థం.

సబ్బాతు గురించి రెండే మాటలు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రివరకు పని మానడం. యజమాని ఒక్కడే కాదు, పనివాళ్ళూ, పరదేశీ, ఎద్దూ, గాడిదా కూడా ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలి. సోమవారం నాడు ఎద్దుల మెడమీద కాడి పెట్టని రైతులు మన వైపు ఉండేవారు. రిటైరయినవాళ్ళకు రోజూ సెలవే కదా అని మీరు నవ్వవచ్చు. కాని మన ఇళ్ళలో సెలవు లేనిది ఎవరికో చూడండి. మనకు యాభై ఎనిమిదికో అరవైకో పదవీవిరమణ వచ్చింది. మన ఇల్లాళ్ళకు వచ్చిందా? వారంలో ఒక్కరోజు కాఫీ మనం పెట్టి, అన్నం మనం వండితే అదే మన సబ్బాతు.

ఇప్పుడు ఒక ఉద్యోగి కథ చెబుతాను. ప్లేగు టీకా పేరు మన తాతల కాలంలో ప్రతి ఇంటా వినబడింది. దాన్ని కనిపెట్టినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. 1860లో ఒడెస్సాలో పుట్టిన యూదుడు. మతం మార్చుకుంటే అక్కడే పై ఉద్యోగం దొరికేది, మారలేదు. పారిస్‌లో పాశ్చర్ సంస్థలో చేరి కలరా టీకా తయారుచేసి, 1893లో మన దేశానికి వచ్చాడు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగితే అక్కడికి వెళ్ళి, మూడు నెలలలో టీకా సిద్ధంచేసి, 1897 జనవరి 10న మొదట తనకే గుచ్చుకున్నాడు.

1902 అక్టోబరులో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో ఒకే సీసా మందు వేయించుకున్న పందొమ్మిదిమంది ధనుర్వాతంతో చనిపోయారు. నేరం హాఫ్‌కిన్ ప్రయోగశాలమీద పడింది. విచారణసంఘం ఆయన్ను తప్పుపట్టింది. సస్పెండు చేశారు. నిజానికి పల్లెలో సీసా మూత తీసేటప్పుడు పట్టకారు నేలమీద పడిందని, దాన్ని సరిగా శుద్ధిచెయ్యకుండానే వాడారని సాక్ష్యం ఉంది. ఆ కాగితం పైకి రావడానికి, రొనాల్డ్ రాస్ వంటి శాస్త్రవేత్తలు పత్రికలకు రాయడానికి, ప్రభుత్వం ఆయన నిర్దోషి అని ఒప్పుకోవడానికి 1907 వచ్చింది. అయిదేళ్ళు! తిరిగి వచ్చి కలకత్తాలో పనిలో చేరాడు. బొంబాయి సంస్థ మళ్ళీ ఆయన చేతికి రాలేదు. 1925లో దానికి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూటు అని పేరుపెట్టారు. ఉద్యోగవిరమణ చేసిన తరువాత ఆ శాస్త్రజ్ఞుడు తన పూర్వుల నియమనిష్ఠలకు మళ్ళి, 1916లో వాటిని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. కూడబెట్టిన ధనాన్ని యూదుల వేదపాఠశాలలకు రాసి 1930లో చనిపోయాడు.

ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకో చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం చేసే అర్హత నాకు లేదు.

నేను ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు ఒక భూమి ఫైలు కనబడకుండా పోయింది. విచారణ నాకు అప్పగించారు. అప్పటికే నాకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. రికార్డు గది తాళంచెవి ఉండే అటెండరుకు సంజాయిషీ నోటీసిచ్చి, మూడు రోజుల్లో రిపోర్టు రాసి, అతని నిర్లక్ష్యమే కారణమని తేల్చాను. రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపేశారు. అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. ఆ కోత జీతంలో మొదలై పెన్షనుదాకా వస్తుంది, చచ్చిపోయాక కుటుంబ పెన్షనులో కూడా ఉంటుంది.

రెండేళ్ళ తరువాత ఆ ఫైలు దొరికింది. నా సెక్షను బీరువాలోనే, వేరే కట్టలో కలిపి కట్టేసి ఉంది. పాత సహోద్యోగి ఒకాయన నవ్వుతూ నాకు ఈ సంగతి చెప్పాడు. నేనూ నవ్వాను. అప్పీలు గడువు దాటిందనీ, అడిగితే నా మెడకు చుట్టుకుంటుందనీ నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను. ఆ తరువాత ఎన్నోసార్లు శ్రీశైలం వెళ్ళాను, తిరుమల కొండ కాలినడకన ఎక్కాను. తల నీలాలు ఇచ్చాను. ఈ సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

యూదులకు ఏడాదికొకసారి యోం కిప్పూర్ అనే పశ్చాత్తాపదినం వస్తుంది. పొద్దంతా ఉపవాసం, ప్రార్థన. కాని ఆ రోజు గురించి వాళ్ళ శాస్త్రం ఒక నిక్కచ్చి షరతు పెట్టింది. దేవుడిపట్ల చేసిన తప్పులే ఆ రోజు మాఫీ అవుతాయి. సాటిమనిషికి చేసిన తప్పు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, నష్టం పూడ్చి, క్షమాపణ అడిగేదాకా మాఫీ కాదు. దేవుడు ఆ ఫైలు ముట్టుకోడు. తిరుమలేశుని ముందు నేనెందుకు తేలికపడలేదో అప్పుడు అర్థమయింది. నేను తప్పు కౌంటరు దగ్గర నిలబడ్డాను.

అడ్రసు కనుక్కుని ఆయన ఊరికి వెళ్ళాను. పత్తికొండ వైపు ఒక పల్లె. ఇంటిముందు వేపచెట్టుకింద మంచంమీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తడబడుతుంటే ఆయనే అన్నాడు:

"ఆ కట్ట దొరికినేది నాకు అప్పుడే తెలుసు సార్. మీరొస్తారేమోనని శానా దినాలు చూసినా."

నేను తలవంచుకుని క్షమించమని అడిగాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

"మాఫీ సంగతి తర్వాత సార్. జరిగింది జరిగినట్ల ఒక కాగితం రాసియ్యండి. నాయన ఫైలు అమ్ముకున్న్యాడని నా కొడుకు పెండ్లి మాటలప్పుడు గూడా అన్న్యారు. వానికి చూపిచ్చుకుంటా."

రాసిచ్చాను. శాఖాధిపతికి కూడా ఒక నకలు పంపాను. విచారణ సరిగా చెయ్యలేదని, తప్పు నాదని సంతకం పెట్టాను. నా పెన్షనుకు ఏమవుతుందోనని మా ఇంట్లో భయపడ్డారు. ఏమీ కాలేదు. చాలా ఉత్తరప్రత్యుత్తరాల తరువాత శిక్ష రద్దయింది. వచ్చిన బకాయి డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. ఆ ఉత్తర్వును ఆయన లామినేషను చేయించి పెట్టుకున్నాడు.

"క్షమించినా" అన్న మాట మాత్రం ఆయన ఇప్పటికీ అనలేదు. అవతలివాడు కాదంటే మూడుసార్లు అడగాలని మైమోనిడీస్ చెబుతాడు. నేను ఒక్కసారే అడిగాను. ఇంకా రెండు బాకీ ఉన్నాయి.

ఈ సంగతి నన్ను పొగుడుకోవడానికి చెప్పడంలేదు. పొగుడుకోవడానికి అందులో ఏమీ లేదు, అన్నేళ్ళు ఆలస్యం తప్ప. ఇక్కడ కూర్చున్న మనలో ప్రతి ఒక్కరమూ వేలకొద్దీ కాగితాలమీద సంతకాలు పెట్టినవాళ్ళం. కరువు పనుల మస్టర్లు రాశాం, రేషను కార్డులు కోసేశాం, మార్కులు వేశాం, ఛార్జిమెమోలు ఇచ్చాం. వాటిలో ఎక్కడో ఒకటి మనకు గుర్తుండే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా దాన్ని దిద్దుకోవడానికి భయముంటుంది. ఇప్పుడు మనకు భయపడవలసిన పై అధికారి ఎవరూ లేరు. రిటైర్‌మెంటు ఇచ్చిన పెద్ద సౌకర్యం ఇదేనేమో.

మరొక యూదుని గురించి చెప్పి ముగింపుకు వస్తాను. జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో డేవిడ్ షుల్మన్ అనే ఆయన ఆచార్యులుగా పనిచేశారు. 1949లో అమెరికాలో పుట్టి, 1967లో ఇజ్రాయెలుకు వెళ్ళి, తమిళమూ తెలుగూ నేర్చుకుని, వెల్చేరు నారాయణరావుగారితో కలిసి మన కావ్యాలనెన్నిటినో ఇంగ్లీషులోకి తెచ్చారు. మన రాజంపేట దగ్గరి తాళ్ళపాక అన్నమయ్య పదాలకు వాళ్ళిద్దరూ చేసిన అనువాదం 2005లో వచ్చింది. అన్నమయ్యను ప్రపంచానికి వినిపించినవారిలో ఒకరు యూదుడన్నమాట.

ఆయన అంతటితో ఆగలేదు. హెబ్రోనుకు దక్షిణాన మన సీమలాగే రాళ్ళగుట్టల మెట్ట ప్రాంతం ఉంది. అక్కడి పాలస్తీనా గొర్రెలకాపరులనూ రైతులనూ సొంత పొలాల్లోకి రానీయకుండా అడ్డుకుంటుంటే, 'తాయుష్' అనే శాంతిసంఘం సభ్యులతో కలిసి ఆయన ఏళ్ళతరబడి వాళ్ళ వెంట వెళ్ళి నిలబడ్డారు. 2016లో తన దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారమైన ఇజ్రాయెల్ ప్రైజు వచ్చినప్పుడు ఆ డబ్బు ఆ సంఘానికే ఇచ్చేశారు. సొంత దేశంమీద ప్రేమ ఉన్నవాడే దాని తప్పును తన తప్పుగా అనుకుంటాడు. పొలం మూల పరదేశికి చెందుతుందన్న పాత శాసనాన్ని ఆయన కాగితంమీదే ఉంచలేదని నేననుకుంటున్నాను. ఆ దేశపు రాజకీయాలమీద మనకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆ పెద్దమనిషి నడిచిన దారిమీద ఉండనక్కరలేదు.

ఇక మనం చెయ్యగలిగిన మూడు పనులు.

ఒకటి. యూదులలో ఒకరు చనిపోతే ఇంటివాళ్ళు ఏడురోజులు నేలబారు పీటలమీద కూర్చుంటారు. పరామర్శకు వెళ్ళినవాళ్ళు, దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచేదాకా తాముగా మాట్లాడకూడదు. పక్కన కూర్చోవడమే పరామర్శ. మన సభ్యులెవరైనా పోతే మనం పూలదండ వేసి, ఫోటో తీయించుకుని వచ్చేస్తున్నాం. ఆ తరువాత ఆ ఇల్లాలు కుటుంబ పెన్షను కాగితాలు పట్టుకుని ఒంటరిగా తిరుగుతుంది. ఆమె పక్కన కూర్చోవడానికి, ఆ కాగితాలు పూర్తిచేసి ట్రెజరీకి తోడు వెళ్ళడానికి మనలో ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుందాం.

రెండు. మనం ఆస్తికి వీలునామా రాస్తాం. యూదులలో పెద్దలు నీతికి వీలునామా రాసే ఆచారం ఉంది. పన్నెండో శతాబ్దంలో జుడా ఇబ్న్ తిబ్బోన్ అనే వైద్యుడు కొడుక్కి అలాంటిదొకటి రాశాడు. పుస్తకాలు జాగ్రత్తగా చూసుకోమని, చేతిరాత బాగుచేసుకోమని, నువ్వు నా మాట వినడంలేదని కోప్పడుతూ రాశాడు. ఆ కొడుకే తరువాత మైమోనిడీస్ మహాగ్రంథాన్ని హీబ్రూలోకి అనువదించాడు. మనమూ రాద్దాం. మనకు తెలిసిన మంచీ, మనం చేసిన తప్పూ రెండూ రాద్దాం. ఫిక్సెడ్ డిపాజిట్ల జాబితాకంటె అది పిల్లలకు ఎక్కువకాలం పనికొస్తుంది. నాది నేను రాశాను. అటెండరు సంగతి అందులో మొదటి పేజీలోనే ఉంది.

మూడు. తాల్ముదులో ఒక కథ ఉంది. డెబ్భై ఏళ్ళకు గాని కాయని చెట్టు మొక్కను ఒక ముసలాయన నాటుతుంటే, దారినపోయేవాడు "దీని కాయ నువ్వు తింటావా?" అని అడిగాడట. నేను పుట్టేసరికి నా పెద్దలు నాటిన చెట్లున్నాయి, నా తరువాతివాళ్ళకు నేను నాటుతున్నాను అని ఆ ముసలాయన జవాబు. మన ఊళ్ళ దారిపక్కన చింతచెట్లు నాటినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాటి నీడలో బస్సులకోసం నిలబడ్డాం, వాటి పులుసు తిన్నాం. మన సంఘం తరఫున ఈ వానాకాలానికి యాభై చింతమొక్కలు నాటుదామని నేను ప్రతిపాదిస్తున్నాను. నాటడం సులభం. మూడు వేసవులు నీళ్ళు పోయడమే కష్టం. అందుకు పేర్లు ఇచ్చేవాళ్ళు భోజనాలయిన తరువాత కార్యదర్శిగారి దగ్గర రాయించండి. మొదటి పేరు నాది రాసుకోమని ఆయనకు ముందే చెప్పాను.

రేపు ఉదయం బస్సుకు నేను పత్తికొండ వెళుతున్నాను. రెండోసారి అడగడానికి.